తీగ లేని వేడిగాలి

పోయిన వారం మనం ఆగింది మా గుమ్మం దగ్గర. వాడ పెద్ద మల్లప్ప చెప్పులు విప్పుతున్నాడు. లోపల మా మామ మగ్గం మీద పోగులు సరిచేసుకుంటున్నాడు. మా ఆయన చేతిలో బొంబాయి నుంచి తెచ్చిన నారింజరంగు తుపాకి ఉంది. తుపాకి అంటే గుండ్లు కక్కేది కాదు, వేడిగాలి ఊదేది. ఆకారం చూసి మా ఇంట్లో దానికి ఆ పేరు నిలిచిపోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి కొంచెం చెప్పాలి. మాది సోలాపూర్‌లో జోడ్‌భావి పేట. శ్రావణ పున్నమికి మార్కండేయ స్వామి ఊరేగింపు వెళ్తుంది. అందులో మా వాడ బండి ఒకటి. ఆ బండి మీద మగ్గం ఉంటుంది. గుడి ముందు మొదలుపెట్టి, బండి నడుస్తుండగానే నేసి, మళ్ళీ గుడికి చేరేలోపు ఆ బట్టను కోసి స్వామికి కప్పాలి. ఈ ఏడు ఆ మగ్గం ముందు కూర్చునే వంతు మా మామ సిద్ధరాములుకు వచ్చింది. పడుచుతనం నుంచి ఎదురుచూసిన వంతు అది.

అడ్డం పడింది వాన. శ్రావణం గాలిలో తేమకు పడుగుకు పట్టించిన గంజి మెత్తబడుతుంది. పోగులు ఒకదానికొకటి అంటుకుని తెగుతాయి. ఇంట్లో అయితే మగ్గం కింద శెగడి పెట్టి, బొగ్గుల సెగతో పడుగును ఆరబెట్టుకుంటూ నేస్తాము. బండి మీద కూడా ఇనుప తొట్టిలో శెగడి బిగించేవారు. పోయిన ఏడు దాంట్లోంచి రవ్వ లేచి బండికి కట్టిన కాగితం పూలు అంటుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఇక బండి మీదికి బొగ్గు ఎక్కనివ్వనని మల్లప్ప స్వామి ముందు ఒట్టు వేశాడు. గంజి అక్కర్లేని టెరికాట్ దారంతో మేము నేస్తామని కొమురయ్య ఇంటివాళ్ళు ముందుకొచ్చారు. ఈ పొద్దు గుంకేలోపు మా మామ వేరే దారి చూపించకపోతే వంతు వాళ్ళది.

"దేవునికి టెరికాటా!" అన్నాడు మా మామ ఆ మాట విన్న రోజు. ఆనాటి నుంచి ఆయన పళ్ళెంలో అన్నం మిగులుతూనే ఉంది.

మల్లప్ప లోపలికొచ్చి ముందు మగ్గానికి దండం పెట్టాడు. తరువాతే మనుషుల వైపు చూశాడు. ఆ ఒక్క అలవాటు కోసం ఆయన ఎన్ని మాటలన్నా నాకు కోపం రాదు.

మా అత్తమ్మ యల్లమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్కన కూర్చుని ఉంది. ఎవరొచ్చినా చాట కింద పెట్టే మనిషి కాదు ఆమె. నా పెళ్ళిలో కూడా అప్పగింతల వరకూ ఆకు కత్తిరిస్తూనే ఉందని మా వాళ్ళు చెప్పుకుంటారు.

"చాయ ఇప్పుడు తాగుతవా మల్లప్పా, ఫైసలా చెప్పినంక తాగుతవా?"

"ఇప్పుడే పొయ్యి వదినా. ఫైసలా చెప్పినంక నువ్వు పోస్తవో, నెత్తి మీద కుమ్మరిస్తవో."

నేను నవ్వు ఆపుకుని చాయ తెచ్చాను. మా ఆయన అప్పటికే మొదలుపెట్టాడు. కుంఠా నాకాలో మరమగ్గాల మోటార్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఏ పనిముట్టు గురించి చెప్పినా ఆయన కళ్ళు పిల్లవాడి కళ్ళలా మెరుస్తాయి.

"ఇగో కాకా. దీంట్ల బొగ్గు లేదు, రవ్వ లేదు. పిడిల గ్యాసు ఉంటది. సిగరెట్ లైటర్ల నింపుతరు గద, గదే. మీట నొక్కితే ముక్కుల నుంచి వేడిగాలొస్తది."

"వైరేది అంబాదాసూ?" మల్లప్ప మా ఆయన్ని అడిగాడు.

"వైరే లేదు. గదే దీని కథంత."

"నీ దుకాణంల వైరుది ఒకటి ఉండె గద. గది పెట్టరాదు?"

"పెట్టొచ్చు," అంది అత్తమ్మ తల ఎత్తకుండానే. "వైరు పట్టుకొని మీ ఇంటి నుంచి కొంతం చౌక్ దాంక నువ్వు ఉరుకుతవా మల్లప్పా, పంచె ఎగ్గట్టి?"

"జనరేటరు ఉన్నది గద వదినా."

"ఆ. దాని చప్పుడుకు భజన ఇనబడది. పొగకు స్వామి దగ్గుతడు."

మల్లప్పకూ నవ్వొచ్చింది. గ్లాసు పక్కన పెట్టి తుపాకిని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఆయనకూ కుంఠా నాకాలో మరమగ్గాలున్నాయి. కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఆయన షెడ్డులో ఎలా గడుస్తాయో ఆయనకు తెలుసు.

"బండి సంగతి తర్వాత. దుకాణం పనికి ఇది ఎట్లున్నది? అమ్మేటోని తీర్గ చెప్పకు. మన ఇంటి మనిషి లెక్క చెప్పు."

మా ఆయన ముందు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ తుపాకి ఆయనకు బొంబాయి దుకాణదారు చూడడానికి ఇచ్చింది. పున్నమి దాటాక ఉంచుకోవాలో, తిప్పి పంపాలో తేల్చాలి. ఉంచుకోవాలని ఆయనకు ఎంత మనసుందో నాకు తెలుసు. రాత్రి దిండు పక్కన పెట్టుకున్నాడంటే ఇంకేం చెప్పాలి.

"అన్ని పనులకు పనికిరాదు కాకా," అన్నాడు చివరికి. "మొన్న ఒక షెడ్డుల కరెంటు పోయినప్పుడే మోటరు వైర్ల జోడు మీద రబ్బరు తొడుగు ఎక్కించి, దీంతోని బిగించిన. కరెంటు వచ్చేటాల్లకు మోటరు తయ్యార్. గసొంటి చిన్న పనికి దీన్ని మించింది లేదు. కని మొత్తం మోటరుకు కొత్త తీగ చుట్టి, వార్నిష్ ఆరబెట్టాలంటే ఇది సాలది. నేను చూసిన. సగం గూడ ఆరలె, గ్యాసు ఒడిసింది. మల్ల పాత బల్బుల వేడి పెట్టెలనే పెట్టి ఆరబెట్టిన. వైరుదాని జోరు దీనికి లేదు. రోజంత దీని మీదనే బతుకుతనంటే నష్టమే."

మల్లప్ప తల ఊపాడు. ఈ తుపాకి బండెక్కడం మీదే మా మామ వంతు ఆధారపడి ఉంది. అది చాలదని మా ఆయనే తన నోటితో చెప్పేశాడు. అయినా ఆయన వైపు చూస్తే నాకు గర్వంగానే అనిపించింది. స్వామి వస్త్రం కోసం అబద్ధం చెప్పి గెలిస్తే ఆ వస్త్రం స్వామికి చల్లగా తగులుతుందా?

"సరే," అన్నాడు మల్లప్ప. "మాటలెందుకు, చూపెట్టుండ్రి."

మా మామ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. పొద్దున్నుంచి పట్టిన ముసురుకు పడుగు చల్లగా, బంకగా ఉంది. మా ఆయన మీట నొక్కాడు. లోపల టిక్కుమంది. ముక్కులోని జల్లెడ ఎర్రబడి, పాము బుస కొట్టినట్టు సన్నని చప్పుడుతో గాలి వచ్చింది. ఆయన వంగి, మోటారుకు పట్టినట్టే, ముక్కును పోగులకు జానెడు దూరంలో పెట్టి కదలకుండా పట్టుకున్నాడు.

తేమ పోవడం కళ్ళకు కనిపించింది. బంకగా మెరుస్తున్న పోగులు తెల్లబడి విడివిడిగా నిలిచాయి. "చూసినవా!" అన్నాడు మా ఆయన.

మా మామ తాడు లాగాడు. నాడె అటు నుంచి ఇటు పరుగెత్తింది. దబ్, దబ్. నాలుగు వరసలు నేశాడో లేదో, గంజి మాడిన వాసన వచ్చింది. పెనం మీద పిండి మాడితే వచ్చే వాసన. పట్ పట్‌మని నడుమ పోగులు తెగాయి. తెల్లటి పొడి మా మామ ధోవతి మీద రాలింది. పట్టించిన గంజంతా పొట్టులా లేచిపోతోంది.

"అయిపాయె," అన్నాడు మల్లప్ప. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు. లేచి నిలబడ్డాడు.

మా ఆయన ముఖం చూడలేకపోయాను. మా మామ కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం తెగిన పోగుల్ని వేళ్ళతో వెతికి, ఒక్కొక్కటే అతుకుతూ మెల్లగా అన్నాడు.

"మోటరనుకున్నవా బిడ్డా? ఇది నూలు. దీనికి దూప ఉంటది. మొత్తం ఎండగొడితే పాణం పోతది. జరంత తడి దాని ఒంట్ల ఉండనియ్యాలె."

"మరి ఎంత దూరం పట్టాలె బాపూ?"

"దూరం ఒక్కటే కాదు. ఆగొద్దు. తిరుగుతనే ఉండాలె."

మా ఆయన మళ్ళీ పట్టాడు. ఈసారి మగ్గం కింది నుంచి, దూరంగా. కానీ మోటార్ల మీద స్థిరంగా నిలబడడం నేర్చిన చెయ్యి అది. రెండు ఊపులు ఊగి మళ్ళీ ఒకచోట ఆగిపోయేది. ఒకవైపు పోగులు పొడి, ఒకవైపు బంక. మా మామ తుపాకి అడిగి తానే పట్టి చూశాడు. నేసేవాడికి చేతులూ కాళ్ళూ అన్నీ మగ్గానివే. తుపాకి పడితే నాడె ఆగింది, నాడె వేస్తే తుపాకి ఆగింది.

మల్లప్ప గుమ్మం వైపు నడిచాడు. "సిద్ధన్నా, మనసుల పెట్టుకోకు. నీ చేతి మీద నాకు అనుమానం లేదు. వాన మీదనే."

అప్పుడు మా మామ నా వైపు తిరిగాడు.

"చంద్రవ్వా, ఇటు రా బిడ్డ."

నేను వెళ్ళాను. ఏం చెయ్యాలో ఆయన చెప్పాల్సిన పని లేదు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి వానాకాలం అంతా నేను శెగడి పట్టుకుని ఆ మగ్గం కింద కూర్చునేదాన్నే. ఆయన రమ్మనేవాడు కాదు, నేను వస్తానని చెప్పేదాన్ని కాదు. గాలి మెత్తబడితే బీడీలు పక్కన పెట్టి వచ్చేదాన్ని. దబ్ అన్నప్పుడు సెగ ఇటు, మళ్ళీ దబ్ అన్నప్పుడు అటు. మగ్గమే నా చేతిని తిప్పేది.

నేలమీద చతికిలబడి తుపాకి అందుకున్నాను. శెగడి కన్నా ఎంతో తేలిక. మనసులో స్వామిని తలచుకుని మీట నొక్కాను. ఎడమచేతి వెనక భాగాన్ని పోగులకు దగ్గరగా పెట్టుకున్నాను. నా చేతికి ఎండలో ఆరిన చీరలా తోచినప్పుడు పోగులకు చాలు. అంతకన్నా వేడి తోస్తే ఎక్కువ.

"ఊఁ," అన్నాడు మా మామ.

దబ్. దబ్. నేను తిప్పుతూ పోయాను. కొంత మేర ఆరగానే మీట వదిలేశాను. బుస ఆగింది. ఆరినంత మేర ఆయన నేశాడు. కొత్త పడుగు ముందుకు రాగానే మళ్ళీ నొక్కాను.

"అరే, ఎందుకు బంద్ చేస్తున్నవ్?" అన్నాడు మా ఆయన.

"ఆరినదాన్ని మళ్ళ ఆరబెట్టుడెందుకు?" అన్నాను. "శెగడి అయితే వద్దన్నా మండుతనే ఉంటది. ఇది మాట ఇంటది గద."

ఆయన వంగి, పిడి మీద గ్యాసు చూపించే చిన్న గాజు కిటికీలోకి చూశాడు. "కాకా! దిగనే లేదు! నేను విడువకుండ మండించిన, గందుకే ఒడిసింది. ఈమె లెక్కన పట్టుకుంటె గుడి నుంచి పోయి మళ్ళ గుడికి వచ్చేదాంక గ్యాసు ఉంటది!"

ఒక్క పోగూ తెగలేదు. ఎర్రంచు తెల్లబట్ట జానెడు, మూరెడు, ఇంకా కొంత పెరిగింది. మల్లప్ప గుమ్మం నుంచి వెనక్కి వచ్చి ఆ బట్టను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వాకిలి వెలుతురుకు వంగి చూశాడు. నేత ఎక్కడా పలచబడలేదు. తరువాత అరచెయ్యి తుపాకి ముక్కు ముందు పెట్టి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"ఇది గూడ నిప్పే గదరా లోపల?"

"నిప్పే కాకా," అన్నాడు మా ఆయన. "రవ్వ లేని నిప్పు."

"నేను ఒట్టు పెట్టిన."

నాకు మాట్లాడే హక్కు ఉందో లేదో తెలియదు. కానీ అడగాలనిపించింది.

"మల్లప్ప మామా, మీరు ఒట్టు పెట్టింది బొగ్గు మీదనే గద? బండి ముందర హారతి ఇస్తరు. గది నిప్పు కాదా? స్వామికి నిప్పంటే భయమా, మన పొరపాటంటే భయమా?"

ఆయన నన్ను తేరిపార చూశాడు. కోపం తెచ్చుకోవాలని చూసి, రాక ఊరుకున్నట్టు అనిపించింది.

"ఠీక్," అన్నాడు. "ఇది బండెక్కుతది. నూలు బట్టనే స్వామికి. వంతు నీదే సిద్ధన్నా."

మా మామ నాడెను కళ్ళకద్దుకున్నాడు. మా ఆయన తుపాకిని నా చేతిలోంచి తీసుకోబోయి, ఎందుకో ఆగి, నా చేతిలోనే ఉండనిచ్చాడు. ఇంటిముందు ఆగి చూస్తున్న ఇద్దరు ముగ్గురు "జై మార్కండేయ" అన్నారు. నా కళ్ళు తడిశాయి. ఆ ఒక్క క్షణం మా ఇల్లు మా వాడంత పెద్దదై కనిపించింది.

మల్లప్ప గుమ్మంలో ఒక చెప్పు తొడుక్కుంటూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "ఇంగ బండి మీద ఇది పట్టుకునేది అంబాదాసే గద?"

మా ఆయన నా చేతిలోని తుపాకి వైపు చూశాడు.

"నా చేతిల ఏమైందో చూసినవు గద కాకా," అన్నాడు మా ఆయన.

"అయితే ఎవలు?"

"చంద్రవ్వ కూసుంటది," అన్నాడు మా మామ.

మల్లప్ప రెండో చెప్పు తొడుక్కోవడం మరిచిపోయాడు. "ఆడిమనిషి మగ్గం బండి ఎక్కుడా? మన వాడల ఎన్నడన్న ఎక్కిందా సిద్ధన్నా?"

"ఎక్కలె. కని ఆమె సెగ లేకుండ నేను నేసిన బట్ట ఏ వానకాలంల గూడ లేదు. శెగడిని తొట్టిల బిగిస్తిమి, చెయ్యి ఎవలిదో మరిచిపోతిమి. ఇప్పుడీ తుపాకికి చెయ్యి గావాలె."

మల్లప్ప గడ్డం నిమురుకున్నాడు. "నా ఒక్కని మాట కాదిది. రేపు పొద్దుగాల గుడిల పంచులు కూసుంటరు. కొమురయ్య గూడ ఉంటడు. వాళ్ళ ముందరికి వచ్చి, నేను ఎక్కుతనని ఈమె తన నోటితోని చెప్పాలె. ఏం బిడ్డా, చెప్తవా?"

అందరూ నా వైపు చూశారు. తుపాకి పిడి ఇంకా వెచ్చగా ఉంది. చెప్తానని నాలుక చివర దాకా వచ్చింది.

"ఆగు."

ఆ మాట అత్తమ్మది. పొద్దున్నుంచి అందరినీ నవ్వించిన గొంతు కాదది. తల తిప్పి చూసేసరికి ఆమె బీడీల చాట నేల మీద పెట్టి ఉంది. ఒళ్ళో పొగాకు దులుపుకుంటూ లేస్తోంది. మా మామ నాడె కింద పెట్టేశాడు.

"కోడలి సెగ లేకుండ బట్ట లేదంటివి," అంది మా మామతో. "కోడలు రాకముందు ఈ ఇంట్ల వానలు పడలేదా? అప్పుడు గా శెగడి ఎవలు పట్టిండ్రు?"

ఆమె రెండు చేతులూ చాపింది. ఎన్నో ఏళ్ళు ఆ చేతులతో పెట్టిన అన్నం తిన్నాను. వేళ్ళ మొదట్లో ఉన్న ఆ నల్లటి మచ్చలు బీడీ పనివనుకున్నాను. అవి బొగ్గు మచ్చలు. మగ్గం కింద తిరిగేటప్పుడు దబ్ అన్నప్పుడల్లా ఎగిరిపడే రవ్వలు పెట్టిన మచ్చలు. నా చేతి వెనకా అలాంటివి రెండు ఉన్నాయి. ఆ పని నాకు ఎవరు నేర్పారని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. మొదటి వానాకాలం నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది ఈ చేతులే కదా.

మా మామ తల దించుకున్నాడు. "యల్లీ," అన్నాడు.

"నా ఈడుల ఎవలన్న నన్ను బండెక్కుమన్నరా, ఎక్కొద్దన్నరా? ఏదీ అనలె. ఉన్నదాన్ని లేనట్టె చేసిండ్రు." ఆమె నా దగ్గరికొచ్చింది. "ఇటియ్యి పిల్లా."

ఇచ్చాను. తుపాకిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, నేను కూర్చున్న చోటే కూర్చుంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుంది. మీట ఎక్కడుందని అడగలేదు. టిక్కుమంది.

"ఊఁ, ఇసురు," అంది.

మా మామ కాలు తొక్కాడు. దబ్. దబ్. ఆమె చెయ్యి తిరిగింది. నా చేతి కన్నా మెత్తగా, నా చేతి కన్నా సులువుగా, దెబ్బకు అర క్షణం ముందే అక్కడికి చేరుతూ. ఆయన ఎప్పుడు ఊపిరి పీలుస్తాడో ఆమెకు తెలిసినట్టుంది. నా వంతు చేజారిపోతుందేమో అని నాకు అనిపించాలి కాబోలు. అనిపించలేదు. అంత చక్కటి చేతిని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇంతకు," అన్నాడు మల్లప్ప కొంచెంసేపటికి, "రేపు పంచుల ముందరికి ఎవలు రావాలె? నువ్వా వదినా, చంద్రవ్వా?"

అత్తమ్మ తల ఎత్తలేదు. చెయ్యి ఆపలేదు.

"ముందుగాల ఈ బట్ట అయిపోనియ్యి. చెప్త."

మల్లప్ప తొడుక్కున్న ఆ ఒక్క చెప్పునూ మళ్ళీ విప్పాడు.